వెనక లైను

ఆర్కిటెక్చర్ కాలేజీ ప్రొఫెసర్ సుందర్‌రాజు ఫోన్ చేసినప్పుడు నిషిత పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కడుతున్న ఒక షెడ్డు కింద ఉంది. పైన రేకులు బిగిస్తున్నారు. చప్పుడుకు మాట వినపడక గేటు దాకా నడిచి వచ్చింది.

"ఎం.ఆర్క్‌లో మీకు సీటు వచ్చిందమ్మా," అన్నాడాయన. "సోమవారంలోపు చేరాలి. ఇంకో మాట. ఇంటర్వ్యూలో మీరు చూపించిన భానూర్ గదులు మా కమిటీకి నచ్చాయి. కార్మికులకు గాలి ఆడేట్టు గదులు కట్టినవాళ్లు ఈ చుట్టుపక్కల మాకు కనపడలేదు. శనివారం మా క్లాసు పిల్లల్ని తీసుకొస్తాను. చూపిస్తారా?"

"తప్పకుండా సార్," అంది నిషిత.

ఫోన్ పెట్టేశాక గాని తానేమన్నదో ఆమెకు తెలియలేదు. ఆయన చూడాలనుకుంటున్న గదులు కాగితం మీద ఉన్నాయి. భానూర్‌లో లేవు.

ఆ ప్రాంతంలో ఏ కట్టడానికైనా రెండు ప్లాన్లుంటాయి. ఒకటి పర్మిషన్ ప్లాను, ఒకటి మేస్త్రీ ప్లాను. పర్మిషన్ ప్లానులో చుట్టూ ఖాళీ జాగా ఉంటుంది, గదికో కిటికీ ఉంటుంది. మేస్త్రీ ప్లానులో ఏది కడతారో అదే ఉంటుంది. ఇంటాయనకూ తెలుసు, గీసేవాళ్లకూ తెలుసు, ఇటుక పేర్చేవాళ్లకూ తెలుసు. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. పెళ్లిపత్రికలో ముహూర్తం అచ్చు వేసినట్టు. తాళి ఎప్పుడు కడతారన్నది వేరే సంగతి.

నిషిత మామ లింగానికి భానూర్ శివారులో రోడ్డు పక్కన కొంత జాగా ఉంది. ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చేవాళ్లకు గదులు కట్టి కిరాయికి ఇద్దామనుకున్నాడు. ప్లాను కోడల్నే గీయమన్నాడు. నిషిత బి.ఆర్క్ చదివింది. పద్నాలుగేళ్లుగా ఒక కంపెనీకి ఫ్యాక్టరీ షెడ్లు గీస్తోంది. ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి ఎంత చోటు కావాలో ఆమెను నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. మనిషి పడుకోవడానికి ఎంత గాలి కావాలో పద్నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు. అందుకని ఆ గదులు ఇష్టంగా గీసింది. రోడ్డు వైపు ఒక లైను. ప్రతి గదికీ ముందు తలుపు, వెనక కిటికీ. కిటికీ అవతల ప్రహరీ దాకా పన్నెండు అడుగుల ఖాళీ జాగా, అందులో వేపమొక్కలు. తలుపులోంచి వచ్చిన గాలి కిటికీలోంచి పోవాలి.

గోడలు కిటికీల ఎత్తు దాటాక ఒకరోజు లింగం ఆ ఖాళీ జాగాలో నిలబడ్డాడు. మేస్త్రీ పక్కనే ఉన్నాడు.

"బిడ్డా, గీడ ఇంకో లైను పడ్తదా? గిదే గోడకు ఆనిచ్చి, తలుపులు ఎనక సందు దిక్కు పెడితె?"

"పడ్తది మామా."

"గట్లయితె కిటికీలు మూసుడే గద. ఏమన్న ఫరక్ పడ్తదా?"

నిషిత ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. చేలో బోరు వేసినా, బర్రెను అమ్మినా ఎవరూ ఆమెను ఒక మాట అడిగింది లేదు. ఆ రోజు మేస్త్రీ ముందు, కూలీల ముందు మామ ఆమెను అడిగాడు. అడిగిన మొదటిసారే కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

"ఫరక్ పడదు మామా. తలుపుల మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టిద్దాం."

సిమెంటు సంచి చింపి దాని మీద రెండో లైను గీసి మేస్త్రీకి ఇచ్చింది కూడా ఆమే. కిటికీలను ఇటుకలతో పూడ్చారు. ఫ్యాన్లు రాలేదు. ఆమె అడగలేదు.

ఎం.ఆర్క్‌కు దరఖాస్తు చేసినప్పుడు సొంతంగా చేసిన పని ఏదో ఒకటి చూపించాల్సి వచ్చింది. షెడ్లు పెట్టడానికి మనసొప్పలేదు. భానూర్ పర్మిషన్ ప్లాను పెట్టింది. రోడ్డు మీద నిలబడి తీసిన ఫోటోలు పెట్టింది. కింద 'నిర్మాణం పూర్తయింది' అని రాసింది.

ప్రొఫెసర్ ఫోన్ చేసిన రోజు సాయంత్రం అన్నాల దగ్గర ఆమె భర్త శ్రావణ్‌కుమార్‌తో ప్రొఫెసర్ వస్తున్న సంగతి చెప్పింది. అతను మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. అతనికంటే ముందు లింగం విన్నాడు.

"సార్లొస్తరా? మన రూములు సూడనీకి?" కంచం ముందు నుంచి లేచినంత పని చేశాడు. "ఇన్నావే, పట్నం కాలేజోళ్లు మన కాడికి నేర్సుకోనీకి వస్తున్నరట!"

"ఇన్న, ఇన్న," అంది అత్త సత్తెమ్మ. "మనుమరాలిది పదో తరగతి, కోడలిది ఇరువయ్యో తరగతి. ఇద్దరికి ఒక్కటే ఆటో మాట్లాడుండ్రి."

"నీకేం ఎర్క. గది పెద్ద సదువు."

"ముప్పై ఎనిమిదేండ్లకు మొదలువెట్టేది పెద్దది గాక సిన్నదైతదా?"

నిషిత కూతురు తనుశ్రీ నవ్వింది. సత్తెమ్మ కూడా నవ్వి, కోడలి కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసింది.

"పో బిడ్డా. పొద్దుగాల వంట నేను జేస్త. రెండేండ్లకు నేనేం ముసల్దాన్ని గాను."

నిషిత రొట్టెను ముక్కలు చేస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేదనుకుంది.

తర్వాత వాకిట్లో శ్రావణ్‌కు అసలు సంగతి చెప్పింది. అతను పెద్దగా పట్టించుకోలేదు.

"ముందు లైను సూపియ్యి. అందరు డ్యూటీల ఉంటరు, తలుపులకు తాళాలుంటయి. ఫోటోలు దిగి పోతరు."

"ఎనకకు పోయి సూస్తమంటె?"

"కుక్కలున్నయను."

"నేను గీసింది సూడనీకి వస్తున్నరు, శ్రావణ్."

"గీసింది సూపియ్యి మరి. కట్టింది ఎవడడిగిండు?"

శుక్రవారం ఆమె సెలవు పెట్టి గదుల దగ్గరకు వెళ్లింది. లింగం పొద్దున్నే సున్నం డ్రమ్ము తెప్పించి రెండు లైన్లకూ వెల్ల వేయిస్తున్నాడు. కిరాయిదారుల సామాను బయట పడి ఉంది. ముందు లైనులో ఉండే సబిత అనే ఒడియా అమ్మాయి గిన్నెల మధ్య కూర్చుని బిడ్డకు పాలు పడుతోంది. ఆమె భర్తది రాత్రి డ్యూటీ. పగలు తలుపు తెరిచి గడప దగ్గర పడుకుంటాడు. ఆ రోజు వెల్ల వేసేవాళ్లు లేపేస్తే ట్రాలీ ఆటో నీడలో, నేల మీద నిద్రపోతున్నాడు.

"లోపల సూడొచ్చా?" అని అడిగింది నిషిత.

"రా అక్కా. మీ ఇల్లే."

ఆ గదులు కట్టాక ఆమె ఏ ఒక్కదానిలోకీ అడుగుపెట్టలేదు. బయట ఎండలోంచి వచ్చినందుకు మొదట ఏమీ కనపడలేదు. కాసేపటికి వెనక గోడ కనపడింది. కిటికీ పూడ్చేటప్పుడు మేస్త్రీ ఒంటి ఇటుక పేర్చాడు. గోడ మందంలో మిగతా సగం గూడులా మిగిలింది. అందులో సబిత జగన్నాథుడి పటం, పాలడబ్బా, ఫోన్ ఛార్జర్ పెట్టుకుంది.

"ఈ అల్మారా మంచిగుంది అక్కా. మా ఊర్ల ఇంట్ల గిట్ల లేదు."

నిషిత ఆ ఇటుకల మీద చేయి పెట్టింది. వెచ్చగా ఉన్నాయి. గోడ అవతల ఎవరో దగ్గారు.

"అటు రూమ్ భాయ్," అంది సబిత. "ఆయన దగ్గితే బేబీ లేస్తది. బేబీ ఏడిస్తే ఆయన లేస్తడు. ఇద్దరికి లడాయి." నవ్వింది.

"ఎండకాలం ఎట్ల పడుకుంటరు?"

"బయట."

"వానొస్తే?"

"తలుపు తీస్తే నీళ్లొస్తయి. మూస్తే ఊపిరి ఆడది. ఇంత తీస్తం." చేతి వేళ్లతో ఎంతో చూపించింది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. ఏ బస్సు ఎక్కాలో చెప్పినట్టు చెప్పింది.

నిషిత బయటకు వచ్చి లింగం దగ్గరకు వెళ్లింది.

"మామా, సార్లను రావద్దని చెప్త."

"ఎందుకు?"

"నేను వాళ్లకు సూపెట్టిన ప్లాన్ల ఎనక లైను లేదు. కిటికీలున్నయి."

లింగం కర్రతో సున్నం కలుపుతూ ఆగాడు. "పర్మిషన్ ప్లాన్ సూపెట్టినవా?"

"ఊ."

"అయితె ఏంది? లోకమంత గదే సూపెడ్తది."

"లోకం సూపెట్టేది పర్మిషన్‌కు మామా. నేను కట్టిన అని సూపెట్టిన. దానికే సీటిచ్చిండ్రు."

ఆయన డ్రమ్ము అంచున కర్ర ఆనించాడు. కొంతసేపు వెనక లైను వైపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"కూలగొడ్దాం. ఎనక లైనోళ్లను ఇయ్యాల్నే ఖాళీ చేయిస్త. జేసీబీవోన్ని పిలుస్త. తెల్లారెవరకు నీ కిటికీలు నీకొస్తయి."

ఆ మాట ఉత్తుత్తినే అనలేదని నిషితకు తెలుసు. అప్పటికే నంబరు వెతుకుతున్నాడు.

"వద్దు మామా. వాళ్లు ఎటు పోవాలె?"

"ఇస్నాపూర్‌ల రూములు దొరకవా? నీ సదువు కోసమే గద."

"నా సదువు కోసం వద్దు."

లింగం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సరే. నువ్వు పరేషాన్ గాకు. సార్లను రానియ్యి. నేను మాట్లాడ్త."

ఏం మాట్లాడతావని ఆమె అడగలేదు. ఆ సాయంత్రమైనా ప్రొఫెసర్‌కు ఫోన్ చేయాల్సింది. చేస్తే సీటు పోతుంది. పోతే మళ్లీ షెడ్లు. రిటైరయ్యేదాకా షెడ్లు. వంట పూర్తయ్యాక చేద్దామనుకుంది, తనుశ్రీ చదువుకునేటప్పుడు చేద్దామనుకుంది. తర్వాత, పడుకున్న మనిషిని లేపడం బాగుండదనుకుంది.

శనివారం వ్యాన్ వచ్చింది. లింగం ఇస్త్రీ బట్టలు వేసుకుని రోడ్డు మీదకు ఎదురెళ్లాడు. సుందర్‌రాజు చేతిలో నిషిత గీసిన ప్లాను ఉంది. పిల్లలు ముందు లైనుకు ఫోటోలు తీసుకున్నారు. ఒకమ్మాయి పక్క నుంచి చుట్టి వెనక్కు వెళ్లి, వెంటనే తిరిగి వచ్చింది.

"సార్, వెనక ఇంకో లైన్ ఉంది. అసలు గ్యాపే లేదు."

సుందర్‌రాజు వెళ్లి చూసి వచ్చాడు. ప్లాను చూశాడు, గోడ చూశాడు, నిషితను చూశాడు. ఆమె నోరు తెరిచేలోపు లింగం వాళ్లిద్దరి మధ్యకు వచ్చాడు.

"గలతీ నాది సార్. మా కోడలు మంచిగనే గీసింది. నేనే ఆశకువొయి ఎనక లైను కట్టిన. వద్దు మామా, వద్దు మామా అన్నది. ఏడ్సింది. నేను ఇనలే. సదువు రానోన్ని సార్, నాకేం ఎర్క."

చేతులు జోడించాడు. లింగం ఏడో తరగతి దాకా చదివాడు. ఒకసారి వార్డు మెంబరుగా గెలిచాడు. సదువు రానోన్ని అని ఆయన ఒకరి ముందు అనగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"చూశారుగా," అన్నాడు సుందర్‌రాజు పిల్లలతో. "ఆర్కిటెక్ట్ గీసేది ఒకటి, ఓనర్ కట్టేది ఒకటి. రేపు మీకూ ఇదే."

పిల్లలు లింగాన్ని పైనుంచి కిందిదాకా చూశారు. ఒకబ్బాయి పక్కవాడితో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. లింగానికి మాట తెలియలేదు గాని తన గురించేనని తెలిసింది. చేతులు జోడించే ఉంచాడు. నిషిత దగ్గరకు ఒకమ్మాయి వచ్చి నీళ్ల సీసా ఇచ్చింది. చావు ఇంటికి వచ్చినవాళ్లు మాట్లాడినట్టు నెమ్మదిగా, "ఇట్స్ ఓకే మేడమ్," అంది. నిషిత నీళ్లు తాగింది. సీటు నిలిచిందని ఆమెకు అర్థమైంది. ఆ సంగతి అర్థమవగానే ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

"సార్, ఇంట్ల నాటుకోడి వండించిన," అన్నాడు లింగం. "పిల్లలకు సరిపోతది. రెండు ముద్దలు తిని పోండ్రి."

"లేదండీ. టైం లేదు," అన్నాడు సుందర్‌రాజు. మర్యాదగానే అన్నాడు. పిల్లలు అప్పటికే వ్యాన్ ఎక్కుతున్నారు.

సత్తెమ్మ తెల్లవారకముందు నుంచి పొయ్యి దగ్గర ఉంది. లింగం ముందురోజు ఊళ్లో కుర్చీలు అడిగి తెచ్చాడు. నిషిత నడిచి వ్యాన్ తలుపు దగ్గరకు వెళ్లింది.

"సార్. మామ చెప్పింది నిజం కాదు."

వ్యాన్ ఎక్కుతున్న పిల్లలు వెనక్కు తిరిగారు.

"నేను వద్దనలేదు. ఏడవలేదు. కిటికీలు మూస్తే ఏమన్నా తేడా పడుతుందా అని ఆయన నన్ను అడిగాడు. పడదన్నాను. వెనక లైను గీసింది నేనే. తేడా పడుతుందని ఒక్క మాట అంటే ఆపేవాడేమో. ఆ మాట నేను అనలేదు. ఫోటోలు కావాలనే రోడ్డు మీంచి తీశాను."

సుందర్‌రాజు ప్లానును మడతపెట్టాడు. మడత సరిగా రాక మళ్లీ విప్పి మడిచాడు.

"ఫోటోలన్నీ ఒక వైపు నుంచే ఎందుకున్నాయని నేనూ అడగాల్సింది," అన్నాడు. "కట్టిన పని అని నేనే కమిటీకి చెప్పాను. కాదని కూడా నేనే చెప్పాలి. వాళ్లేమంటారో తెలీదు. మీరు వస్తారో రారో అది ముందు తేల్చుకోండి. వచ్చేట్టయితే సోమవారం పొద్దున కమిటీ ముందుకు రండి. నిజంగా ఏది కట్టారో ఆ ప్లాను తీసుకురండి."

వ్యాన్ వెళ్లిపోయింది. నిషిత వెనక్కు తిరిగింది. లింగం చేతులు దించి నిలబడి ఉన్నాడు. మాటలన్నీ విన్నాడు.

"నడువు," అన్నాడు. ఇంటి దారి పట్టాడు.

వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. "ఏరి?" అంది సత్తెమ్మ.

"రారు."

లింగం కంచం ముందు కూర్చున్నాడు గాని చెయ్యి పెట్టలేదు. నిషిత గోడకు ఆనుకుని నిలబడింది.

"మామా, నేను పోను. సార్‌కు ఫోన్ జేసి సీటు వద్దని చెప్త."

ఆ మాట అనగానే ఆమెకు ఊపిరి తిరిగినట్టయింది. లింగం అది చూశాడు.

"పోవా?" అన్నాడు. "గంత మంది పిల్లల ముందల నేను పాపాత్మున్నయితి. కానీ, బిడ్డకు సీటు నిలుస్తది గద అనుకుంటి. నువ్వు పోయి గది అబద్ధమని చెప్తివి. అబద్ధాలోన్నయితి. ఇప్పుడు సీటు గూడ ఇడ్సిపెట్టి ఇంట్ల కూసుంటవా? మరి నేను రెండుసార్లు ఎందుకు బద్నాం అయినట్టు? సెప్పు!"

"ఏ మొకం పెట్టుకొని పోవాలె మామా?"

"ఉన్న మొకం పెట్టుకొని పో. ఇంకోటి యాడ దొరుకుతది? సీటు ఇడ్సిపెడితె నీ పాణం తేలికైతది, గంతే. నీకు మంచిగ నిద్ర పడ్తది. గా రూములల్ల ఉన్నోళ్లకు ఏమొస్తది?"

నిషిత గోడ వదిలి కింద కూర్చుంది. ఆయన అన్నది నిజం. చెప్పి తేలికపడదామనుకుంది, మానేసి తేలికపడదామనుకుంది. రెండిట్లోనూ ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు. సబితను అసలే తీసుకోలేదు.

"కూర సల్లారుతున్నది," అంది సత్తెమ్మ. "కొట్లాట తిన్నంక జేసుకోండ్రి. కోడి ఏం తప్పు జేసింది?"

ఎవరూ నవ్వలేదు. సత్తెమ్మ ఇద్దరికీ వడ్డించి తానూ కూర్చుంది. మిగిలిన కూర గిన్నెను శ్రావణ్‌కిచ్చి వెనక లైనుకు పంపింది.

ఆదివారం నిషిత టేపు పట్టుకుని గదుల దగ్గరకు వెళ్లింది. వెనక లైను సిమెంటు సంచి మీద తప్ప ఎక్కడా గీసింది లేదు. కొలవకుండా ఆ ప్లాను గీయడం కుదరదు. రమ్మని లింగాన్ని అడగలేదు. ఆయన రాలేదు. టేపు రెండో కొస సబిత పట్టుకుంది.

"కిటికీ పెడ్తరా అక్కా?"

"పెడ్తమని చెప్పలేను."

"మరి ఎందుకు కొలుస్తరు?"

"ఉన్నది ఉన్నట్టు గీయాలె. కాలేజీల అడిగిండ్రు."

సబిత తల ఊపింది. ఆమెకు అందులో తనకు పనికొచ్చేది ఏమీ కనపడలేదు. అయినా టేపు వదల్లేదు. దగ్గే మనిషి గది కూడా కొలిచారు. అతను మంచం లేని నేల మీద చాప చుట్టి, వాళ్లకు దారి ఇచ్చి, బయట ఎండలో నిలబడ్డాడు. "సారీ భాయ్," అంది నిషిత. దేనికో అతనికి అర్థం కాలేదు. "కోయీ బాత్ నహీ," అన్నాడు, పర్లేదన్నట్టు చెయ్యి ఊపి.

రాత్రి ప్లాను పూర్తయింది. పూడ్చిన కిటికీలను పూడ్చినట్టే చూపించింది. వాటిని ఎవరు మూయించారో చెప్పడానికి పక్కన మామ పేరు రాయలేదు.

సోమవారం పొద్దున లింగం పిలవకుండానే స్కూటర్ బయటకు తీశాడు. పటాన్‌చెరు బస్టాప్ దగ్గర ఆపాడు. దిగాక నిషిత ప్లాను చుట్టను చంకలో పెట్టుకుని నిలబడింది.

"కమిటీ వద్దంటె?" అన్నాడు లింగం, రోడ్డు వైపు చూస్తూ.

"వచ్చే ఏడు మళ్ల రాస్త మామా."

ఆయన స్కూటర్‌కు స్టాండు వేశాడు. మామా, నన్ను మాఫ్ చెయ్యి అని అనాలనుకుంది. అంటే ఆయన చేస్తాడు. ఆ సంగతి తెలుసు గనకే అనలేకపోయింది.

బస్సు వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. ఆమె ఎక్కింది. కండక్టర్ ఎక్కడికని అడిగితే కాలేజీ ఉన్న స్టాప్ పేరు చెప్పింది. కమిటీ ముందు మొదటి మాట ఏమనాలో లింగంపల్లి దాటేదాకా ఆలోచిస్తూనే ఉంది. దొరకలేదు.